అబద్ధాల బడి

సూర్యాపేట బస్టాండు వెనక లాడ్జి మేడ మీది గదిలో, శిక్షణ మొదలైన నాలుగో రోజు పొద్దున, వామనరావు సారు పేకముక్కల గుట్టు విప్పాడు.

అప్పటిదాకా ఆ ఏడు ముక్కలతోనే ఆయన అందరి నోళ్లూ తెరిపించాడు. ఎదురుగా కూర్చున్న మనిషి ఛాతీకి రబ్బరు గొట్టం చుట్టి, జబ్బకు గాలిపట్టీ కట్టి, రెండు వేళ్లకు తీగలు తగిలించి, "ఒక ముక్క తీసి మనసులో పెట్టుకో. నేనేది అడిగినా కాదనే చెప్పు" అనేవాడు. యంత్రం మీద కాగితం మెల్లగా జరుగుతుంటే పెన్నులు మూడు వరసల్లో గీతలు గీసేవి. చివర్న ఆయన కాగితం చింపి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "నీది కళావరు తొమ్మిది" అనేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

"వెనకవైపు మూల చూడండి" అని ముక్కలు బోర్లా పరిచాడు. ఒక్కోదాని మీద ఒక్కోచోట గోటితో నొక్కిన గుర్తు ఉంది. "మీరు ముక్క తీయగానే నాకు తెలిసిపోతుంది. దీనికి యంత్రంతో పనే లేదు."

బీరన్న పకపకా నవ్వాడు. అతను సూర్యాపేటలోనే ఒక సినిమా హాలు గేటు దగ్గర సూపర్‌వైజరు. కోదాడ నుంచి వచ్చిన జవహర్ నవ్వలేదు గానీ ముక్కల్ని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు.

"అయితే సార్, గిది మోసం గద?" అన్నది కమల.

"మోసం కాదమ్మా. ముందు ఎదుటి మనిషికి యంత్రం మీద నమ్మకం కుదరాలి. నమ్మినవాడు భయపడతాడు. భయపడినవాడు దొరుకుతాడు."

కమల ఆ మూడు మాటలూ నోటుబుక్కులో రాసుకుంది. ఆ వాదన ఆమెకు నచ్చలేదు. కానీ సారు చెప్పిందల్లా రాసుకోవడం ఆమెకు అలవాటు.

అది తొంభై నాలుగు, వానాకాలం. వామనరావు హైదరాబాదులో పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కడో ఒక పాత విదేశీ యంత్రం కొని, ఊరూరా తిరిగి, పన్నెండు రోజుల్లో అబద్ధాన్ని పట్టే పరీక్షకుల్ని తయారు చేస్తానంటున్నాడు. రేపటి రోజున ప్రతి బ్యాంకుకూ, ప్రతి మిల్లుకూ ఒక పరీక్షకుడు కావాలని ఆయన లెక్చరు. ఈసారి చేరింది ఈ ముగ్గురే.

కమలను పంపింది మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని రాజలింగం సేటు. ఆమెది దామరచర్ల అవతల లంబాడీ తండా. తండాలో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల. అదీ సైకాలజీతో. ఆమె తండ్రి ఫకీరా ఆ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. "మా మిల్లుల సగం మంది మీ తండలోళ్లే. మీ మాట ఎరుకున్న పరీక్షకురాలుంటే మాకు మంచిగుంటది బిడ్డా" అన్నాడు సేటు. పరీక్షకురాలు అనే మాట కమలకు తియ్యగా వినిపించింది. బస్సులో సూర్యాపేట దాకా దాన్నే మనసులో అనుకుంటూ వచ్చింది.

పని కూడా ఆమె చేతికి తొందరగా వచ్చింది. పెన్నుల్లో సిరా ఎక్కడా గాలిబుడగ లేకుండా ఎక్కించేది. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఇరవై అయిదు సెకన్లు గడియారం చూడకుండా లెక్కపెట్టేది. అవునంటే కాగితం మీద కూడిక గుర్తు, కాదంటే గీత, దగ్గితే అడ్డంగా చిన్న వంక. అన్నిటికన్నా మూడో రోజు పాఠం ఆమెకు బాగా పట్టింది.

"అసలు ప్రశ్న దగ్గర పెన్ను ఎగిరిందని సంబరపడొద్దు" అని చెప్పాడు సారు ఆ రోజు. "నిజం చెప్పేవాడికీ గుండె కొట్టుకుంటుంది. చావు సంగతి అడిగితే చచ్చినవాడి చుట్టానికి కొట్టుకోదా? అందుకని పక్కన ఇంకో ప్రశ్న పెట్టాలి. నిన్ను నమ్మినవాళ్లతో ఎప్పుడైనా అబద్ధమాడావా, అలాంటిది. రెంటినీ పోల్చి చూడాలి. పక్క ప్రశ్న లేని పరీక్ష పరీక్షే కాదు." గాలిపట్టీ అయిదారు నిమిషాలకు మించి ఉంచొద్దనీ, జబ్బకు గాయం ఉంటే పిక్కకు కట్టొచ్చనీ కూడా చెప్పాడు. అన్నీ ఆమె పుస్తకంలో ఉన్నాయి.

*

ఎనిమిదో రోజు, శనివారం, సేటు జీపు పంపించాడు. నలుగురూ యంత్రాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ వచ్చారు. మిల్లులో అప్పుడే వడ్లు ఉడకబెట్టి కళ్లంలో ఆరబోశారు. పుల్లటి ఆవిరి వాసన ఆఫీసు గదిలోకి కూడా కొడుతోంది. గేటు దగ్గర ఫకీరా కూతురికి సలాం పెట్టబోయి, తడబడి, చెయ్యి దించుకున్నాడు.

ఎవరిని పరీక్షించాలో గదిలోకి వచ్చాక గానీ కమలకు తెలియలేదు.

పది రోజుల కింద ఈ మిల్లులోనే మంగ్త్యా అనే హమాలీ చనిపోయాడు. బస్తా మోసుకుపోతుంటే భుజం మీది తువ్వాల పెద్ద బెల్టులో పడి, మనిషిని చక్రంలోకి లాక్కుపోయింది. బెల్టుకు అడ్డంగా ఉండే ఇనుప జాలీని మేనేజరు నరహరి అంతకు వారం ముందే తీయించాడనీ, మాటిమాటికీ తీసి పెట్టడానికి టైం పోతోందని వద్దన్నాడనీ, కళ్లంలో వడ్లు తిరగేసే రుక్మాబాయి చెప్పింది. మిల్లులో నూటికి పైగా జనం ఉన్నా ఆ మాట చెప్పింది ఆమె ఒక్కతే. మంగ్త్యా తాగొచ్చి తానే జాలీ విప్పాడని సేటు మాట. సోమవారం విచారణ. నల్గొండ నుంచి కార్మిక శాఖ అధికారి వస్తున్నాడు.

రుక్మాబాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. కాళ్లకు వడ్ల పొట్టు అంటుకుని ఉంది. కమలది పక్క తండానే గానీ ఎప్పుడూ మాట్లాడుకున్నది లేదు.

"నువ్వు ఫకీరా బిడ్డవు గద?" అని అడిగింది తమ భాషలో. "ఏందిది? కరెంటు బెడ్తరా?"

"కరెంటు లేదు యాడీ" అన్నది కమల. పెద్ద ఆడవాళ్లను తండాలో అమ్మా అన్నట్టు అలాగే పిలుస్తారు. "ఊపిరి, గుండె కొట్టుకునుడు గీస్తది. అంతే."

కుర్చీలో కూర్చోబెట్టి ఛాతీకి గొట్టం చుట్టింది. గాలిపట్టీ తీసుకుని ఆగిపోయింది. రుక్మాబాయి జబ్బ నిండా మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లటి గాజులు వరసగా బిగిసి ఉన్నాయి. పట్టీ కట్టడానికి బెత్తెడు జాగా కూడా లేదు.

"తీయమను" అన్నాడు వామనరావు.

కమల చెప్పింది. రుక్మాబాయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా పెనిమిటి బతికే ఉన్నడు బిడ్డా. జబ్బ గాజులు మొగడు సచ్చినంక తీస్తరు. నీకు ఎరుక లేదా?"

కమలకు తెలుసు. ఆమె తల్లి రంగి చేతులకూ అవే గాజులు.

"సార్, పిక్కకు కడ్దం. మీరే జెప్పిన్రు గద."

"పిక్క మీద గీత సరిగా రాదు. పైగా ఆ లంగా పైకి లాగి కూర్చోబెడతావా ఇంతమందిలో? కానీయ్, భోజనం టైమవుతోంది."

బీరన్న పోయి చెంబులో సబ్బునీళ్లు తెచ్చాడు. సేటు గుట్కా నములుతూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. "మిల్లుల ఉండాల్నా, పోవాల్నా అడుగు దాన్ని" అన్నాడు. ఆ మాట కమల తర్జుమా చెయ్యనక్కర్లేదు. రుక్మాబాయి తెలుగు బాగానే వచ్చిన మనిషి. ఆమె కళ్లు మూసుకుని చెయ్యి చాపింది.

కమల సబ్బు రుద్ది లాగింది. పెళ్లినాడు వేసిన గాజులు. అప్పటి సన్నటి చేతికి సరిపోయినవి, తర్వాత కండ పెరిగి బిగుసుకున్నవి. మోచేతి ఎముక దగ్గర ఒక్కొక్కటీ పట్టుకుంది. నాలుగోది విరిగింది. విరిగినచోట చర్మం గీరుకుని రక్తం సన్నగా చెమర్చింది. సేటుకు బిస్కట్లు పెట్టిన స్టీలు ప్లేటు ఖాళీగా ఉంటే నరహరి దాన్ని ముందుకు జరిపాడు. బిస్కట్ పొడి మీదే గాజులు పడుతూ పోయాయి. కింద చర్మం ఎండ చూడక పాలిపోయి, వరసగా గుంటలు పడి ఉంది. ఆ పాలిపోయిన చర్మం మీద కమల నల్లటి పట్టీ చుట్టి, గాలి కొట్టింది.

ప్రశ్నల కాగితం వామనరావు ముందే రాసుకొచ్చాడు. ఆరు ప్రశ్నలు. నీ పేరు రుక్మాబాయేనా? ఈ రోజు శనివారమేనా? మంగ్త్యా చనిపోవడం నువ్వు చూశావా? పొద్దున అన్నం తిన్నావా? జాలీ గురించి నువ్వు చెప్పింది నిజమేనా? నువ్వుండేది తండాలోనేనా?

"పక్క ప్రశ్న లేదు సార్" అన్నది కమల చిన్నగా.

"చదువు."

చదివింది. తమ భాషలో, తల్లితో మాట్లాడే భాషలో, ఏ ఎత్తూ పల్లమూ లేని గొంతుతో చదివింది. మంగ్త్యా పేరు రాగానే రుక్మాబాయి ఊపిరి ఆగింది. పెన్ను కాగితం అంచుదాకా ఎగిరింది. జాలీ సంగతి అడిగినప్పుడు "నిజం, నిజం" అని రెండుసార్లు అన్నది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోబోతే వామనరావు "చెయ్యి కదపొద్దను" అన్నాడు. ఆ ప్రశ్నలే మళ్లీ రెండుసార్లు అడిగించాడు. గాలి ఒక్కసారి కూడా వదలనివ్వలేదు. కమల లోపల సెకన్లు లెక్కపెట్టుకుంటూనే ఉంది. పదకొండు నిమిషాలు. పట్టీ విప్పేసరికి మోచెయ్యి కింద చెయ్యంతా నేరేడు పండు రంగుకు తిరిగింది.

రుక్మాబాయి లేచి, ప్లేటులోని గాజులు కొంగులో వేసుకుని, బిస్కట్ పొడి దులిపి, మళ్లీ కళ్లంలోకి పోయింది.

భోజనాలు అక్కడే. కోడికూర. నరహరి ఎముక చీకుతూ, "నన్ను గూడ జూడుండ్రి సార్ జర, తమాషాకు" అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కాళ్లు బారజాపి కూర్చున్నాడు. వామనరావు నవ్వి కమలకు సైగ చేశాడు. గొట్టం కడుతుంటే అతని చొక్కాలోంచి మసాలా వాసన, చెమట వాసన కలిసి కొట్టాయి.

"జాలీ తీయించింది మీరేనా?" అని అడిగింది.

"కాదు."

ఆమె కాగితం మీదికి వంగి చూసింది. గీతలు అదే ఎత్తున, అదే తీరుగా సాగిపోతున్నాయి. మళ్లీ అడిగింది. మళ్లీ అంతే.

"సూసిన్రా, మనం సొక్కం" అన్నాడు నరహరి, వేళ్ల తీగలు తానే పీక్కుంటూ. అని, అదే గొంతుతో సేటు వైపు తిరిగి, "రేపు ఆయితారం మిల్లు బందే గద. ఆ జాలీ నూనె గదిల పడున్నది. తెచ్చి బిగిపిస్త. సోమారం సారొచ్చి సూస్తడేమో" అన్నాడు.

గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. సేటు తలూపాడు. వామనరావు పళ్లు కుట్టుకుంటున్నాడు. తను వింటోందన్న జంకు కూడా వాళ్లకు లేదని కమలకు అప్పుడు అర్థమైంది. వాళ్ల లెక్కలో తను కూడా తమ మనిషే. బయటికి పోయి పంపు దగ్గర కక్కుకుంది. ఫకీరా గేటు దగ్గర్నుంచి చూసి, నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చి, ఎండకని అనుకుని, నెత్తి మీద తువ్వాల కప్పి పోయాడు.

*

రిపోర్టు ఆ సాయంత్రమే లాడ్జిలో టైపైంది. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. పరీక్షించబడిన వ్యక్తి కీలక ప్రశ్నలకు అబద్ధం చెప్పినట్టు నిర్ధారణ అయింది. కింద, పరీక్షకురాలు అని, కమల పేరు.

"మీరు బెట్టరా సార్ సంతకం?"

"పరీక్ష చేసింది నువ్వు. నేను నేర్పేవాణ్ణి."

"పక్క ప్రశ్న లేని పరీక్ష పరీక్షే కాదంటిరి."

వామనరావు కళ్లజోడు తీసి తుడిచాడు. కోపం రాలేదు ఆయనకు. విసుగు మాత్రం వచ్చింది. "అది పాఠం. ఇది పని. రెండూ ఒకటే అనుకుంటే ఏ ఉద్యోగమూ చెయ్యలేవమ్మా. ఇది ట్రైనింగు కాగితం, దీంతో ఎవరినీ ఉరి తియ్యరు. పన్నెండో రోజున సర్టిఫికెట్ ఇస్తాను, ఫస్టు నువ్వే. మీ నాన్న ఆ గేటు దగ్గరే ఉన్నాడు కదా ఇంకా?"

జవహర్ ఆమెను పక్కకు పిలిచాడు. "పెట్టెయ్యండి కమలగారూ. ఎందుకొచ్చిన గొడవ? మీరు పెట్టకపోతే రేపు నన్ను పెట్టమంటారు. నేను పెడతాను కూడా" అన్నాడు. చివరి మాట అంటున్నప్పుడు తల దించుకున్నాడు.

కమల పెట్టింది. పేరు పూర్తిగా, పొడి అక్షరాలు కాకుండా, డిగ్రీ పరీక్షల్లో పెట్టినట్టు.

ఆదివారం పొద్దంతా గదిలో కూర్చుని నోటుబుక్కు తిరగేసింది. మూడో రోజు పాఠం రెండు పేజీలు, కింద ఎర్రసిరా గీతలతో సహా, ఆమె దస్తూరీలోనే ఉంది. చావు, చుట్టం, పక్క ప్రశ్న, అయిదారు నిమిషాలు. వామనరావు మీద అసహ్యం వేసింది. చదువుతున్నకొద్దీ అది ఆయన మీద నిలవకుండా, సబ్బు జారే తన వేళ్ల మీదికే వచ్చింది.

*

సోమవారం పదకొండు గంటలకు విచారణ, మిర్యాలగూడలో ఒక ప్రభుత్వ బంగళా వరండాలో. అధికారి బక్కపల్చటి మనిషి, జలుబు చేసి మాటిమాటికీ రుమాలు తీస్తున్నాడు. ఒకవైపు సేటు, నరహరి, వామనరావు. ఇంకోవైపు బెంచీ మీద మంగ్త్యా భార్య, పక్కన రుక్మాబాయి. చేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంది.

అధికారి రిపోర్టు చదివి తలెత్తాడు. "ఈ కమల ఎవరు?"

"నేనే సార్."

"మీరూ వాళ్లవాళ్లేనా?"

"అవును సార్. లంబాడోళ్లం."

సేటు మొహంలో సంతృప్తి కనిపించింది. అందుకే ఆమెను తెచ్చింది.

"ఈమె అబద్ధం చెబుతోందని మీ యంత్రం చెప్పిందా?"

వామనరావు నేర్పిన జవాబు నాలిక మీదే ఉంది. ఒక్క ముక్క. అవును సార్.

"యంత్రం గట్ల జెప్పలే సార్" అన్నది. "నేను రాసి సంతకం బెట్టిన. గది తప్పు."

వామనరావు లేచాడు. "సార్, ఆ అమ్మాయి ఇంకా శిక్షణలో ఉంది. తెలియక—"

"శిక్షణలో ఉంటే సంతకం ఎందుకు పెట్టించారు? మీదేదీ?" అన్నాడు అధికారి, రుమాలు ముక్కుకు పెట్టుకునే. "చెప్పమ్మా."

కమల చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది. పోల్చి చూసే ప్రశ్న పెట్టలేదని, గాలిపట్టీ పదకొండు నిమిషాలు విప్పలేదని, అంతకుముందు జబ్బ గాజులు సబ్బు రాసి గుంజారని. "గుంజింది నేనే సార్" అన్నది. మంగ్త్యా పేరెత్తితే ఆమె ఏడ్చిందని, ఏడిస్తే పెన్ను ఎగురుతుందని. అధికారి చెయ్యి చూపించమంటే రుక్మాబాయి కొంగు తీసింది. జబ్బ చుట్టూ నల్లగా కమిలి ఉంది. గుమాస్తా రాయడం ఆపి చూశాడు.

"మేనేజర్ సార్‌ను గూడ అడిగిన. జాలీ తీయించలేదన్నడు. పెన్ను కదల్లే. తీగలు ఇప్పంగనే, జాలీ నూనె గదిల ఉన్నది, ఆయితారం బిగిపిస్త అని సేటుకు జెప్పిండు. ఆ యంత్రం గసొంటిది సార్."

"అబద్ధం!" అని సేటు లేచాడు. "తిన్నింటికే..." అని ఇంకేదో అనబోయి, అధికారి చూపు చూసి కూర్చున్నాడు.

అధికారి ఎవరి మాటా నమ్మినట్టు కనిపించలేదు. కాగితాలు మూసి, "మిల్లు ఎంత దూరం?" అని అడిగాడు.

అందరూ పోయారు. పెద్ద బెల్టు ముందు ఇనుప జాలీ నిలబెట్టి ఉంది. నాలుగు మూలలా నాలుగు కొత్త బోల్టులు. ఆకుపచ్చ రంగు. అధికారి దగ్గరికి పోయి చూపుడువేలుతో తాకాడు.

"ఇదెప్పుడు పెట్టారు?"

"మొదటి సంది గీడనే ఉన్నది సార్" అన్నాడు నరహరి. శనివారం నాటి గొంతే. ఎక్కడా వణుకు లేదు.

అధికారి తన వేలు చూసుకున్నాడు. వేలి కొస పచ్చగా ఉంది. జాలీ కింద నేల మీద కూడా రెండు మూడు రంగుచుక్కలు, ఇంకా ఆరలేదు. అతను రుమాలు తీసి వేలు తుడుచుకోబోయి, మానుకుని, ఆ వేలు అలాగే పట్టుకుని గుమాస్తాతో రాయించాడు. బోల్టులు లెక్కపెట్టించాడు. నూనె గది తాళం తీయించి, డబ్బాల వెనక గోడకు జాలీ ఆనించినచోట పడ్డ తుప్పు గుర్తు కొలిపించాడు. రిపోర్టును పరిగణించనవసరం లేదని చెప్పి, మిగతా విచారణ పదిహేను రోజులకు వాయిదా వేశాడు.

జీపు వామనరావునూ యంత్రాన్నీ ఎక్కించుకుని వెళ్లిపోయింది. కమలను ఎవరూ ఎక్కమనలేదు. గేటు దగ్గర ఫకీరా లాఠీ గోడకు ఆనించి, తాళపుచెవులు నరహరి చేతికి ఇస్తున్నాడు. కూతుర్ని చూసి, "నువ్వు ముందట పో. నా పెట్టె ఉన్నది లోపల, సర్దుకొని వస్త" అన్నాడు. మొహంలో ఏముందో ఆమెకు అంతుపట్టలేదు.

*

దామరచర్ల బస్సులో ఆడవాళ్ల సీట్లో రుక్మాబాయి ఒక్కతే ఉంది. కమల నిలబడి చూసి, పక్కన కూర్చుంది. బస్సు కాలువ దాటింది. రుక్మాబాయి మంచి మాట ఒక్కటైనా అంటుందని కమల ఎదురుచూస్తోంది. అలా చూస్తున్నందుకు తన మీద తనకే రోతగా ఉంది.

"సంతకం బెట్టేటప్పుడు" అన్నది రుక్మాబాయి, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నేను జెప్పింది నిజమని ఎరుకనేనా నీకు?"

సారు పెట్టమన్నాడని చెప్పొచ్చు. తండ్రి నౌకరీ పోతుందనుకున్నానని చెప్పొచ్చు. ట్రైనింగు కాగితమే కదా అనుకున్నానని చెప్పొచ్చు. అన్నిటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది.

"ఎరుకనే యాడీ" అన్నది కమల.

రుక్మాబాయి కమిలిన చెయ్యిని ఒళ్లో సర్దుకుంది. పొలాలు పోతున్నాయి. నాట్లు వేసేవాళ్లు నడుము ఎత్తి బస్సును చూస్తున్నారు.

ఆమె తండా దగ్గర బస్సు ఆగింది. రుక్మాబాయి సంచి చంకన పెట్టుకుని, గాజుల్లేని చేత్తో కడ్డీ పట్టుకుని మెట్లు దిగింది. దిగి, వెనక్కి తిరిగింది.

"పదిహేను రోజులకు మల్ల రమ్మన్నడు గద. వస్తవా నువ్వు?"

"వస్త."

"ఏడు గంటల బస్సుకు రా. దాని తర్వాతిది టయానికి అందదు" అన్నది, అని పొలం గట్టు ఎక్కి నడిచిపోయింది.